మెదడు గాయం ఎంత తీవ్రమైనది? ఎప్పుడు, దేనితో కొలవాలి?

కొద్ది నెలలుగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో మెదడు గాయాల గురించినవి ఎక్కువగా ఉన్నాయి కాబట్టి, ఈసారి వాటినే ఎంచుకుని ఒకచోట చేర్చాను. పుట్టుకతో వచ్చిన లోపం గానీ, వయసుతో పాటు మెల్లగా వచ్చే క్షీణత గానీ కాకుండా, అంతవరకు చక్కగా పనిచేస్తున్న మెదడు ఏదో ఒక కారణం వల్ల దెబ్బతింటే దానిని వైద్యులు ‘అక్వైర్డ్ బ్రెయిన్ ఇంజురీ’ అంటారు. తలకు తగిలిన దెబ్బ మాత్రమే కాక పక్షవాతం, గుండె ఆగి మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం, నీటిలో మునగడం, మెదడువాపు, రక్తంలో చక్కెర మరీ పడిపోవడం, విషవాయువు పీల్చడం కూడా ఈ కోవలోకే వస్తాయి. ఉత్తరం రాసిన ప్రతి ఒక్కరూ ఏదో ఒక రూపంలో అడిగినది ఒక్కటే: ఇది ఎంత తీవ్రమైనది? ఈ ప్రశ్నకు ఒక అంకెతోనో, ఒక మాటతోనో జవాబు చెప్పే అలవాటు ఆసుపత్రులలో ఉంది. ఆ అంకెను ఏ రోజున, దేనిని కొలిచి వేశారో ఇంటివాళ్లకు ఎవరూ విడమరచి చెప్పడం లేదు. అందువల్ల ఎంత బాధ పేరుకుంటోందో ఈ ఉత్తరాలు చదివితే తెలుస్తుంది. రాసినవారి పేర్లు, ఊర్లు తీసివేశాను.

ప్రశ్న: నా భర్త వయసు 38 సంవత్సరాలు. ఏడు నెలల క్రితం మోటారు సైకిలు మీద నుంచి పడ్డారు. ఆసుపత్రికి చేరేసరికి కళ్లు తెరిచి మాట్లాడుతున్నారు గానీ మాటలకు పొంతన లేదు. కాగితాల మీద ‘జీసీఎస్ 14, మైల్డ్ హెడ్ ఇంజురీ, సీటీ స్కాన్ నార్మల్’ అని రాసి, మూడో రోజున ఇంటికి పంపించారు. ఆ మూడు రోజులలో ఎవరెవరు చూడడానికి వచ్చారో ఆయనకు ఇప్పటికీ గుర్తు లేదు. ఇంటికి వచ్చాక కూడా ఐదారు రోజుల పాటు అడిగిందే అడిగేవారు. ఇప్పుడు ఉద్యోగానికి వెళుతున్నారు గానీ మధ్యాహ్నానికే నీరసించిపోతారు. ఎన్నడూ తప్పని లెక్కలు తప్పుతున్నాయి. చిన్న మాటకే పెద్దగా అరుస్తారు. అడిగితే తనకేమీ కాలేదంటారు. ‘మైల్డ్ అని డాక్టర్లే రాశారు కదా, ఇదంతా నటన’ అని బంధువులు అంటున్నారు. నిజంగా మైల్డ్ అయితే నేను రోజూ చూస్తున్నది ఏమిటి?

జవాబు: మీ బంధువులు అన్న మాట మిమ్మల్ని ఎంత నొప్పించి ఉంటుందో ఊహించగలను. మనిషిని పరీక్షించకుండా ఇదీ అని తేల్చి చెప్పకూడదు గానీ, మీరు రాసిన వివరాలలోనే చాలా ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. దాని దగ్గరికి వచ్చే ముందు ఆ ‘మైల్డ్’ అనే మాట ఎక్కడి నుంచి పుట్టిందో చూద్దాం.

జీసీఎస్ అంటే గ్లాస్గో కోమా స్కేల్. స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో పనిచేసిన గ్రాహం టీస్‌డేల్, బ్రయన్ జెన్నెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు దీనిని 1974లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రకటించారు. అంతకు ముందు స్పృహ స్థితిని ఒక్కొక్క డాక్టరు ఒక్కొక్క మాటతో రాసేవారు. ఒకరు ‘మత్తు’ అన్నది ఇంకొకరికి ‘సగం స్పృహ’ అయ్యేది. రాత్రి డ్యూటీలోని నర్సు పొద్దున్న వచ్చిన నర్సుకు రోగిని అప్పగించేటప్పుడు అతని స్పృహ పెరిగిందో తరిగిందో చెప్పడానికి ఇద్దరికీ ఉమ్మడిగా ఒక భాష లేదు. ఆ లోటును తీర్చడానికే కళ్లు తెరవడాన్ని 4 మెట్లుగా, మాటను 5 మెట్లుగా, కదలికను (నేటి రూపంలో) 6 మెట్లుగా విభజించారు. మూడూ కలిపితే అన్నిటికంటే తక్కువ 3, అన్నిటికంటే ఎక్కువ 15. తర్వాతి కాలంలో 13 నుంచి 15 వరకు ఉంటే మైల్డ్, 9 నుంచి 12 వరకు ఉంటే మోడరేట్, 8 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే సివియర్ అని పేర్లు స్థిరపడ్డాయి. మీ వారికి మాటలో పొంతన లేదు కాబట్టి ఆ భాగంలో 5కు బదులు 4 వేసి ఉంటారు. అందుకే మొత్తం 14.

ఆ అంకెలో తప్పు లేదు. ఆ క్షణంలో మెదడు ఎంత మెలకువగా ఉందో అది నిజాయితీగానే చెప్పింది. ఆపరేషను అవసరమా, ఐసీయూ అవసరమా, వచ్చే గంటలో స్పృహ దిగజారుతుందా అని కనిపెట్టడానికి దానికి సాటి వచ్చే సాధనం నేటికీ లేదనే నా అభిప్రాయం. అయితే ఏడు నెలల తర్వాత ఒక మనిషి ఆఫీసులో రెండు పనులను ఒకేసారి చక్కబెట్టుకోగలడా, కోపాన్ని దిగమింగుకోగలడా అన్నది అది చెప్పలేదు. దానిని ఆ పనికోసం తయారు చేయలేదు కూడా. మొదటి రోజున మెలకువను చూసి పెట్టిన పేరును ఆ మనిషి మిగతా జీవితానికి అంటగట్టడం వల్లనే ఇంత అనర్థం జరుగుతోంది.

ఇక మీ ఉత్తరంలోని ముఖ్యమైన సంగతి. ఆసుపత్రిలోని మూడు రోజులు గుర్తు లేవనీ, తర్వాత ఐదారు రోజులు అడిగిందే అడిగారనీ రాశారు. మనిషి కళ్లు తెరిచి, నడిచి, పలికి, తింటూ ఉన్నా మెదడు కొత్త జ్ఞాపకాన్ని నిలుపుకోలేని ఈ స్థితిని ‘పోస్ట్ ట్రామాటిక్ ఆమ్నీషియా’ అంటారు. మనం దానిని దెబ్బ తర్వాతి మరపు కాలం అనుకుందాం. ఇది దెబ్బ తగిలిన క్షణం నుంచి మొదలై, రోజు వెంట రోజు తెగకుండా గుర్తుండడం తిరిగి మొదలయ్యే దాకా సాగుతుంది. మధ్యలో ఒకటి రెండు దృశ్యాలు మెరుపులా గుర్తున్నంత మాత్రాన అది ముగిసినట్టు కాదు. గాయం తీవ్రతకు ఈ కాలం పొడవు మంచి కొలమానమని బ్రిటన్‌లో రిచీ రస్సెల్ అనే న్యూరాలజిస్టు 1930లలోనే గుర్తించారు. ఆయన సంప్రదాయంలో స్థిరపడిన విభజన ప్రకారం ఈ మరపు గంటలోపు ముగిస్తే స్వల్పం, ఒక రోజులోపు ముగిస్తే మధ్యస్థం, ఒకటి నుంచి ఏడు రోజుల వరకు ఉంటే తీవ్రం, వారం దాటితే అతి తీవ్రం. ఇటీవల ఎక్కువగా వాడుతున్న మరో విభజన కొంచెం ఉదారమైనది. దాని ప్రకారం 24 గంటల లోపు ఉంటేనే మైల్డ్, ఒక రోజు నుంచి వారం వరకు మోడరేట్, వారం దాటితే సివియర్. మీ వారికి ఈ కాలం సుమారు ఎనిమిది రోజులు ఉన్నట్టు మీ మాటలను బట్టి తెలుస్తోంది. ఆ రోజులలో నొప్పి మందుల మత్తు ఎంత కలిసిందో లెక్క కట్టి కొంత తగ్గించుకున్నా, ఏ విభజన ప్రకారం చూసినా ఇది మైల్డ్ కాదు.

ఇది ఆసుపత్రిలో ఎందుకు బయటపడలేదని మీరు అడగవచ్చు. మరపు కాలాన్ని కొలవాలంటే ప్రతి రోజూ వచ్చి అవే ప్రశ్నలు అడగాలి. నిన్న చూపించిన బొమ్మలు ఏవి, నిన్న కలిసిన మనిషి ఎవరు, ఇవాళ ఏ వారం అని అడిగి, వరుసగా మూడు రోజులు 12కు 12 సరిగా చెప్పాకనే మరపు కాలం ముగిసినట్టు భావించే వెస్ట్‌మీడ్ పరీక్ష లాంటివి ఇందుకోసం ఉన్నాయి. మంచం దగ్గరికి వచ్చి ‘ఎలా ఉన్నారు?’ అంటే ‘బాగున్నాను’ అని చెప్పిన మనిషిని చూసి, అతనికి నిన్నటి రోజు గుర్తు లేదని ఎవరూ పోల్చుకోలేరు. ఇంటికి పంపేటప్పుడు ఈ ఒక్క పరీక్ష జరిగి ఉంటే మీ ఏడు నెలలు వేరుగా గడిచేవని నాకు గట్టిగా అనిపిస్తోంది.

సీటీ స్కాన్ నార్మల్‌గా ఉండడం కూడా మీరు చూస్తున్నదానికి విరుద్ధం కాదు. సీటీ స్కాన్ రక్తస్రావాన్ని, ఎముక విరగడాన్ని, మెదడు ఉబ్బడాన్ని త్వరగా పట్టిస్తుంది; ప్రాణం కాపాడేందుకు అవసరమైనవి అవే. కానీ తల ఒక్కసారిగా వేగంగా తిరిగి ఆగినప్పుడు మెదడు లోపలి సన్నని నరాల తంతువులు సాగి దెబ్బతింటాయి. వాటిలో కొన్ని తర్వాతి గంటలలో, రోజులలో తెగిపోతాయి. అంత సూక్ష్మమైన నష్టం సీటీలో తరచుగా కనిపించదు. ఎస్‌డబ్ల్యూఐ అనే పద్ధతితో తీసిన ఎమ్మారైలో ఆ ప్రాంతాల చిన్న చిన్న రక్తపు చుక్కల జాడలు నెలల తర్వాత కూడా కనిపించే అవకాశం ఉంది. ఎమ్మారైలో ఏమీ లేకపోయినా గాయం లేదని రుజువైనట్టు కాదు.

‘తనకేమీ కాలేదంటారు’ అన్న వాక్యం దగ్గర కాసేపు ఆగాను. మీరు దానిని మొండితనమనుకుంటూ ఉండవచ్చు. నుదుటి వెనుక ఉండే మెదడు భాగాలు దెబ్బతిన్నప్పుడు, తనలో వచ్చిన మార్పు తనకు తెలియకపోవడం ఆ గాయంలో భాగమే అవుతుంది. లోపాన్ని గమనించవలసిన భాగమే దెబ్బతిన్నది కదా. అందుకే ఇలాంటి రోగులను పరీక్షించేటప్పుడు భార్యనో, అమ్మనో, అన్నదమ్ములనో విడిగా కూర్చోబెట్టి అడగకపోతే ఆ పరీక్ష సగమే జరిగినట్టు నేను భావిస్తాను. ఓ.పి.లో పది నిమిషాల పాటు నిశ్శబ్దమైన గదిలో ఒకరితో మాట్లాడడం చాలామంది చేయగలరు. సందడిలో, తొందరలో, అలసటలో పని చేయవలసి వచ్చినప్పుడే లోపం బయటపడుతుంది. 30 మార్కుల చిన్న జ్ఞాపకశక్తి పరీక్షలో మంచి మార్కులు వచ్చినంత మాత్రాన సరిపోదనడానికి కారణం ఇదే.

మీరు చేయవలసినది ఇది. మెదడు గాయాల పునరావాసం తెలిసిన వైద్యుడినో, న్యూరాలజిస్టునో కలిసి ఆ మరపు కాలం సంగతి తేదీలతో సహా చెప్పండి. క్లినికల్ న్యూరోసైకాలజిస్టు చేత కొన్ని గంటల పాటు జరిగే పూర్తి పరీక్ష చేయించండి. ఏకాగ్రత, జ్ఞాపకం, ప్రణాళిక, ఆలోచనా వేగం విడివిడిగా ఎంతెంత ఉన్నాయో అందులో తెలుస్తుంది. నిద్ర చెడడం, తలనొప్పి, మానసిక కుంగుబాటు, పిట్యూటరీ గ్రంథి హార్మోన్ల లోటు, బయటికి కనిపించని ఫిట్స్ కూడా ఇవే లక్షణాలను పెంచుతాయి. వీటన్నిటికీ చికిత్స ఉంది కాబట్టి ముందుగా వెతకవలసింది వీటినే. అంతవరకు ఆయన బండి నడపకపోవడం మంచిది. కోలుకోవడం మొదటి ఆరు నెలలలో వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది, కానీ ఆగిపోదు. రెండేళ్లు, ఇంకా పైన కూడా మెరుగుదల కనిపిస్తుంది.

ఇంకొక మాట. గాయం తీవ్రతను కొలిచే స్కేళ్లు వేరు, ఆ తర్వాతి జీవితాన్ని కొలిచే స్కేళ్లు వేరు. జెన్నెట్ తన సహచరుడు మైకేల్ బాండ్‌తో కలిసి 1975లో గ్లాస్గో ఔట్‌కమ్ స్కేల్‌ను విడిగా తయారు చేసింది ఇందుకే. ఎనిమిది మెట్లుగా విస్తరించిన దాని తర్వాతి రూపంలో, పాత ఉద్యోగాన్ని తగ్గిన సామర్థ్యంతో మాత్రమే చేయగలిగిన మనిషి ‘మోడరేట్ డిజెబిలిటీ’ కిందకే వస్తాడు. మైల్డ్, మోడరేట్, సివియర్ అనే మూడు పేర్లనే వదిలిపెట్టి, స్పృహ, రక్తపరీక్షలు, స్కాన్లు, ఆ మనిషి పరిస్థితులు అనే నాలుగింటినీ పక్కపక్కన పెట్టి రాయాలని వివిధ దేశాల నిపుణులు 2025లో లాన్సెట్ న్యూరాలజీలో ప్రతిపాదించారు. ఆ మార్పు రావడం ఆలస్యమే అయినా, మీ వంటి వారికి జరిగిన అన్యాయాన్ని వైద్యలోకం గుర్తించిందనడానికి అది గుర్తు. ఈ పేజీని మీ బంధువులకు చూపించండి.

ప్రశ్న: మా తమ్ముడికి జీసీఎస్ 3 అని చెప్పారు. 15 మార్కులకు 3 వచ్చాయంటే కొంతైనా స్పృహ ఉందనుకుని అమ్మకు ధైర్యం చెప్పాను. అది సున్నాతో సమానమని తర్వాత తెలిసి కుంగిపోయాను. స్కేల్‌ను ఇలా ఎందుకు పెట్టారు? మారిన ఆసుపత్రిలో ‘7టీ’ అని రాశారు. దాని అర్థమేమిటి?

జవాబు: మూడు భాగాలలో ఒక్కొక్కదానికి కనీసం 1 వేస్తారు కాబట్టి, ఏ స్పందనా లేని మనిషికి కూడా మొత్తం 3 వస్తుంది. మీరు పొరబడడంలో ఆశ్చర్యం లేదు; కుటుంబానికి అంకె చెప్పేవారు ఈ ఒక్క వాక్యం కూడా చెప్పి తీరాలి. ‘టీ’ అంటే గొంతులో గొట్టం ఉన్నందువల్ల మాటను పరీక్షించలేకపోయామని గుర్తు. మత్తుమందు, మద్యం, ఉబ్బి మూసుకుపోయిన కనురెప్పలు, వినికిడి లోపం, డాక్టరు భాష రోగికి రాకపోవడం కూడా అంకెను తగ్గిస్తాయి. కాబట్టి 3 అన్నప్పుడు ఆ సమయానికి మత్తుమందు నడుస్తోందా అని తప్పక అడగాలి.

మొత్తం కంటే మూడు భాగాలను విడివిడిగా అడగడం మేలు. 4 అనే మొత్తం మూడు రకాలుగా రావచ్చు, ఆ మూడింటి భవిష్యత్తు ఒకటి కాదు. తీవ్రమైన గాయాలలో చాలా సమాచారం కదలిక భాగంలోనే ఉంటుంది. కనుపాపలు వెలుగుకు ముడుచుకుంటున్నాయా అన్నది కూడా అంతే ముఖ్యం. అందుకే 2018 నుంచి, ముడుచుకోని కనుపాపకు ఒక్కొక్క అంకె చొప్పున మొత్తం నుంచి తీసివేసే పద్ధతి కూడా వచ్చింది. అందులో కనిష్ఠం 1.

ప్రశ్న: ఏడు వారాల క్రితం మా అమ్మకు గుండె ఆగిపోయింది. అంబులెన్సు సిబ్బంది గుండెను తిరిగి కొట్టుకునేలా చేశారు. ఇప్పుడు తనంతట తానే ఊపిరి తీసుకుంటోంది, కళ్లు తెరుస్తోంది, కానీ పలకదు. ‘ఇక ఇంతే’ అని ఒక డాక్టరు అన్నారు. మా చెల్లెలు మాత్రం తాను అటూ ఇటూ నడిస్తే అమ్మ చూపు తన వెంట వస్తోందని పట్టుబట్టి చెబుతోంది. ఎవరిని నమ్మాలి?

జవాబు: మీ చెల్లెలి మాటను వైద్య సమాచారంగానే తీసుకోవాలని నా అభ్యర్థన. కారణం చెబుతాను.

ముందుగా కష్టమైన సంగతి. గుండె ఆగినప్పుడు మెదడుకు జరిగే నష్టం, తల ఒకచోట తగిలినప్పుడు జరిగే నష్టం వంటిది కాదు. ప్రాణవాయువు అందక మెదడంతా ఒకేసారి దెబ్బతింటుంది, జ్ఞాపకశక్తికి సంబంధించిన కణాలు అన్నిటికంటే ముందు చనిపోతాయి. ఇలాంటి రోగులలో కోలుకునే కాలం కూడా తక్కువ. దెబ్బ వల్ల ఎరుక కోల్పోయిన వారి విషయంలో 12 నెలల వరకు ఎదురుచూసి గానీ ‘దీర్ఘకాలిక స్థితి’ అనకూడదని, ఇలాంటి గాయంలో 3 నెలలు చూడాలని 2018 నాటి అమెరికన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అవి కూడా ‘శాశ్వతం’ అన్న పాత మాటను వదిలిపెట్టాయి. మీకు ఇంకా ఏడు వారాలే అయింది కాబట్టి ‘ఇక ఇంతే’ అన్న మాట తొందరపాటు. తొలి రోజులలో కూడా గుండె ఆగిన రోగి భవిష్యత్తును 72 గంటల లోపు నిర్ణయించకూడదు. ఆ తర్వాత కూడా కనుపాపలు, ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష), నరాల సంకేతాల పరీక్ష, స్కాన్ అన్నీ ఒకే వైపు చూపినప్పుడే చెప్పాలి.

ఇప్పుడు తేల్చవలసినది, మీ అమ్మగారు మెలకువ ఉండి ఎరుక లేని స్థితిలో ఉన్నారా, లేక అప్పుడప్పుడు కొద్దిపాటి ఎరుక మెరిసే స్థితిలో ఉన్నారా అన్నది. మొదటిదానికి ‘వెజిటేటివ్ స్టేట్’ అనే పేరును జెన్నెట్, ఫ్రెడ్ ప్లమ్ 1972లో పెట్టారు. ఆ మాట వింటే ఇంటివాళ్ల మనసు ఎంత గాయపడుతుందో నాకు తెలుసు. దానికి బదులు ‘స్పందన లేని మెలకువ’ అనడం ఇప్పుడు మొదలైనందుకు సంతోషం. రెండవదానిని ‘మినిమల్లీ కాన్షస్ స్టేట్’ అంటారు, దానిని 2002లో విడిగా నిర్వచించారు. కదిలే మనిషిని చూపుతో వెంబడించడం ఈ రెండవ స్థితికి తొలి గుర్తులలో ఒకటి. ఈ రెండిటినీ మామూలు పరిశీలనతో వేరుచేయడం ఎంత కష్టమో 2009లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. చికిత్స బృందం ఎరుక లేదని ఏకాభిప్రాయంతో తేల్చిన 44 మందిలో 18 మందికి, పద్ధతి ప్రకారం పరీక్షిస్తే, ఎరుక ఉన్నట్టు తేలింది. ఆ పద్ధతి పేరు ‘కోమా రికవరీ స్కేల్–రివైజ్డ్’, 0 నుంచి 23 వరకు ఉంటుంది. దానిని ఒక్కసారి చేసి వదిలేయకూడదు. ఎరుక ఉదయం ఉండి సాయంత్రం లేకపోవచ్చు కాబట్టి, కొద్ది రోజుల వ్యవధిలో కనీసం ఐదుసార్లు చేయించమని అడగండి. చూపు వెంబడించడాన్ని అద్దంతో పరీక్షించాలి. వేలు, టార్చి చూపితే కదలని కళ్లు తన ముఖాన్నే అద్దంలో చూపితే కదలడం పలువురు రోగులలో కనిపించింది.

అన్నిటికంటే నన్ను కదిలించినది 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం. చెప్పిన పని చేయలేని 241 మందికి, ‘చేతిని ముడిచి తెరుస్తున్నట్టు ఊహించుకోండి’ వంటి ఆజ్ఞలు వినిపిస్తూ మెదడును ఎఫ్ఎమ్మారై (మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే స్కాన్)తోనో, ఈఈజీతోనో పరిశీలించారు. వారిలో 60 మంది మెదడు ఆజ్ఞను పాటించింది. నలుగురిలో ఒకరు లోపల వింటూ ఉండి, శరీరంతో చెప్పలేకపోయారన్న మాట. ఇది మీ అమ్మగారి విషయంలో నిజమని నేను అనడం లేదు. గుండె ఆగిన తర్వాత ఏడు వారాలకు చూపు వెంబడించినా, చివరికి చాలా మందికి పూర్తి సహాయం అవసరమే అవుతుంది. కానీ ఆమె మంచం పక్కన నిలబడి ఆమె గురించి మాట్లాడేటప్పుడు ఆమె వింటోందనుకునే మాట్లాడండి. మీ చెల్లెలు చూసినదానిని ఫోనులో వీడియో తీసి, సమయం, అప్పుడు ఇచ్చిన మందులతో సహా రాసిపెట్టమనండి.

ప్రశ్న: మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. ‘స్కోరు 4 మాత్రమే, మైనర్’ అన్నారు. మాట బాగుంది, నడుస్తున్నారు. కానీ గడ్డం కుడివైపే గీసుకుంటారు, గుమ్మానికి ఎడమ భుజం కొట్టుకుంటారు. ఇది మైనరేనా?

జవాబు: ఆ స్కోరు పేరు ఎన్ఐహెచ్ స్ట్రోక్ స్కేల్, 0 నుంచి 42 వరకు ఉంటుంది, ఎక్కువైన కొద్దీ తీవ్రత ఎక్కువ, అంటే గ్లాస్గో స్కేల్‌కు తలకిందులు. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపు తేల్చవలసి ఉంటుంది కాబట్టి, అది కొద్ది నిమిషాలలో ముగిసేలా ఉండాలి. అందులో మాటకు, భాషకు ఎక్కువ మార్కులు కేటాయించారు. భాష చాలా మందిలో మెదడు ఎడమ సగంలో ఉంటుంది. అందువల్ల కుడి సగంలో దాదాపు అంతే పెద్ద దెబ్బ తగిలినా స్కోరు తక్కువే వస్తుంది. మీ నాన్నగారికి చూపు పోలేదు. ఎడమవైపు అనేది ఒకటి ఉందని మెదడు గమనించడం మానేసింది. ఇది నిర్లక్ష్యం కాదు, వృద్ధాప్యపు పరధ్యానం కాదు. ఒంటరిగా రోడ్డు దాటనివ్వకండి. రోజువారీ పనులలో తర్ఫీదు ఇచ్చే ఆక్యుపేషనల్ థెరపిస్టుకు చూపించండి.

ప్రశ్న: మా మామగారికి 76 ఏళ్లు. గుండె జబ్బుకు రక్తాన్ని పలుచబరిచే మాత్రలు వాడతారు. మూడు వారాల క్రితం స్నానాల గదిలో జారితే తల గోడకు తగిలింది. అప్పుడు బాగానే ఉన్నారు. ఇప్పుడు నడక తడబడుతోంది, పగలు కూడా నిద్రపోతున్నారు. అప్పుడే ఏమీ కానిది ఇప్పుడెందుకు అవుతుంది?

జవాబు: మీ ఉత్తరం అందిన రోజే మీకు ఫోను చేయించి, వెంటనే స్కాన్ తీయించమని చెప్పించాను. ఇతరుల కోసం ఇక్కడ రాస్తున్నాను.

వయసు పెరిగే కొద్దీ మెదడు కొంచెం కుదించుకుపోయి, దానికీ పుర్రెకూ మధ్య ఉండే సన్నని సిరలు సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే ఒక సిర చిట్లి, చుక్క చుక్కగా కారిన రక్తం వారాల తరబడి పేరుకుని మెదడును నొక్కుతుంది. దీనిని ‘క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా’ అంటారు. తొలి రోజున వేసిన గ్లాస్గో స్కోరు ఇలాంటి వారిలో తరచుగా 15 ఉంటుంది. మతిమరుపు వచ్చిందనో, ముసలితనమనో ఇంట్లో సరిపెట్టుకుంటారు. ఎంతో నష్టం జరిగాక గానీ బయటపడదు. అయితే చాలా మందిలో పుర్రెకు చిన్న రంధ్రం చేసి రక్తాన్ని తీసివేస్తే నడక, తెలివి తిరిగి వస్తాయి. నయం చేయదగ్గ కొన్ని మెదడు గాయాలలో ఇది ఒకటి కాబట్టి, ఆ అవకాశాన్ని పోగొట్టుకోవడం నాకు మరీ బాధ కలిగిస్తుంది.

చిన్న వయసు వారిలో ఇదే కథ గంటలలో నడుస్తుంది. కణత ఎముక విరిగి దాని కింది ధమని తెగితే, మొదట స్పృహ తప్పిన మనిషి లేచి మామూలుగా మాట్లాడి, కొన్ని గంటలలో మళ్లీ స్పృహ కోల్పోవచ్చు. తలకు దెబ్బ తగిలిన వారిలో తలనొప్పి పెరుగుతూ పోవడం, రెండుసార్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ వాంతులు, ఫిట్స్, లేపితే లేవలేని మత్తు, ఒక కనుపాప పెద్దదవడం, ఒక చేయి లేదా కాలు బలహీనపడడం, చెవి ముక్కుల నుంచి నీరులాంటి ద్రవం కారడం కనిపిస్తే క్షణం ఆగకూడదు. 65 ఏళ్లు దాటినవారు గానీ, రక్తాన్ని పలుచబరిచే మందులు వాడేవారు గానీ తలకు దెబ్బ తగిలించుకుంటే, ఏ లక్షణమూ లేకపోయినా ఆ రోజే డాక్టరును కలవాలి. ఆ మాత్రలను మాత్రం సొంతంగా ఆపకండి.

ప్రశ్న: మా బాబు నాలుగేళ్ల వయసులో మేడ మెట్ల మీద నుంచి పడి రెండు రోజులు స్పృహ లేకుండా ఉన్నాడు. నెలలోపే నడిచాడు, మాట్లాడాడు. ‘చిన్నపిల్లల మెదడు కదా, త్వరగా కోలుకుంటుంది’ అని అందరూ అన్నారు. ఇప్పుడు పదేళ్లు. రెండో తరగతి దాకా బాగా చదివేవాడు. ఇప్పుడు చెప్పిన నాలుగు పనులలో మొదటిదే చేస్తాడు, పుస్తకాల సంచి సర్దుకోలేడు, స్నేహితులు దూరమవుతున్నారు. టీచర్లు సోమరి అంటున్నారు. ఆ పాత దెబ్బకూ దీనికీ సంబంధం ఉంటుందా?

జవాబు: ఉండే అవకాశం ఎక్కువ. రెండు రోజులు స్పృహ లేకపోవడం ఏ లెక్కలో చూసినా తీవ్రమైన గాయమే. 24 గంటలు దాటితే సివియర్ కిందకు వస్తుంది. పిల్లల మెదడు త్వరగా కోలుకుంటుందన్న మాటలో సగమే నిజం. నడక, మాట వంటివి త్వరగా తిరిగి వస్తాయి. కానీ నాలుగేళ్ల పిల్లవాడు తన పనులను తాను ప్రణాళిక వేసుకోవాలని ఎవరూ కోరరు. అందుకు కావలసిన మెదడు ముందు భాగాలు అప్పటికి పూర్తిగా ఎదగలేదు, ఇరవయ్యో ఏడు దాటిన తర్వాత కూడా అవి ఎదుగుతూనే ఉంటాయి. దెబ్బతిన్నది ఇంకా పని మొదలుపెట్టని భాగం కావడం వల్ల ఆనాడు లోపం కనిపించలేదు. దాని పని మొదలయ్యే వయసు వచ్చాక కనిపిస్తోంది. తరగతి మారే కొద్దీ పనులు సంక్లిష్టమవుతాయి, ఆటలలో నియమాలు పెరుగుతాయి, స్నేహితుల మాటలలో పైకి చెప్పని అర్థాలు చేరతాయి. మీ బాబు ఇప్పుడు ఆ దశలో ఉన్నాడు.

పిల్లలలో గాయం తీవ్రతను ఒక్కసారి కొలిచి ఊరుకుంటే సరిపోదు. బడిలో చేరేటప్పుడు, ప్రాథమిక పాఠశాల నుంచి ఉన్నత పాఠశాలకు మారేటప్పుడు, యౌవనం మొదలయ్యేటప్పుడు న్యూరోసైకాలజీ పరీక్షను మళ్లీ చేయించాలి. మీ దగ్గర ఆనాటి డిశ్చార్జి సమ్మరీ ఉంటే వెతికి తీయండి; లేకపోతే ఆసుపత్రిని నకలు అడగండి. అందులో స్పృహ లేని గంటలు, స్కాన్ ఫలితం, ఫిట్స్ వచ్చాయా లేదా అన్న వివరాలు ఉంటాయి. ఆ కాగితం లేకుండా వెళితే బాబును ఏకాగ్రత లోపం ఉన్న పిల్లవాడిగానో, క్రమశిక్షణ లేని పిల్లవాడిగానో లెక్కకట్టే ప్రమాదం ఉంది.

టీచర్లను విడిగా కలిసి, ఇది సోమరితనం కాదని, తలకు తగిలిన పాత గాయమని చెప్పండి. నాలుగు పనులు ఒకేసారి చెప్పకుండా ఒకటి ముగిశాక ఒకటి చెప్పడం, చేయవలసినది కాగితం మీద రాసి ఇవ్వడం, పరీక్షలో కొంత అదనపు సమయం, మధ్యలో పది నిమిషాల విశ్రాంతి వంటివి అడగండి. సంచి సర్దడానికి తలుపు దగ్గర బొమ్మలతో ఒక జాబితా అంటించండి. వాడు దానిని చూసి తనంతట తాను సర్దుకున్న రోజును తేదీతో సహా రాసిపెట్టుకోండి. తర్వాతి పరీక్షకు వెళ్లేటప్పుడు ఆ పుస్తకాన్ని కూడా తీసుకెళ్లండి.